నాయన పాంక్రియాటైటిస్ తగ్గి ఇంటికొచ్చాడు – ఏం పెట్టాలి, ఎన్నాళ్లు పత్తెం?

అల్లూరు_అబ్బాయి
అందరికీ నమస్కారం. మా నాయనకి 71 ఏళ్లు. అల్లూరు దగ్గర పల్లె, వరి వ్యవసాయం. పోయిన నెల ఒక రాత్రి అన్నం తిన్నాక పైపొట్టలో నొప్పి మొదలై వీపులోకి పాకింది. పడుకుంటే ఎక్కువయ్యేది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త నయం. ఒకటే వాంతులు. ఊళ్లో గ్యాస్ అని సూది వేశారు, తగ్గలేదు. 108లో నెల్లూరు తీసుకెళ్తే రక్తంలో లైపేజ్ అనే ఎంజైము చూసి పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాచింది అన్నారు. స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్లు. క్లోమం చుట్టూ నీరు చేరింది, అది సర్దుకున్నాక పిత్తాశయం తీసేస్తామని చెప్పి ప్రస్తుతానికి ఇంటికి పంపారు.

డిశ్చార్జ్ కాగితంలో మందులు రెండు పేజీలు రాశారు. తిండి గురించి ఒకే ముక్క: "కొవ్వు తక్కువ తీసుకోవాలి". ఎంత తక్కువో, ఎన్నాళ్లో లేదు. అడిగితే "లైట్‌గా పెట్టండి" అన్నారు. అమ్మకి భయం పట్టుకుంది. పొద్దున రవ్వ గంజి, మధ్యాహ్నం చారన్నం, రాత్రి పాలలో బ్రెడ్డు. అంతే. 61 కిలోలు ఉండే మనిషి 54కి వచ్చాడు. లుంగీ నడుమున నిలవడం లేదు. మా పెద్దక్కేమో ఫోన్ చేసినప్పుడల్లా "నెయ్యి పడకపోతే బలం ఎట్టా వస్తుంది" అంటుంది. ఇద్దరి మధ్యా నాయన "పత్తెం పెట్టే చంపేట్టున్నారు" అని విసుక్కుంటున్నాడు.

నేను చెన్నైలో ఉద్యోగం. శని, ఆదివారాలు ఊరికి వస్తున్నా. మందు అలవాటు లేదు గానీ చుట్ట ఉంది. ఆసుపత్రిలో మానేశాడు, ఇంటికొచ్చాక మళ్లీ చెయ్యి జేబు తడుముకుంటోంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది వచ్చి తేరుకున్నవాళ్లెవరైనా ఉంటే ఏం పెట్టారో, ఎట్టా పెట్టారో చెప్పండి.

పొదిలి_పంతులు
బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని. నా విషయంలో పేషెంటుని నేనే. ముందు ఒక మాట. ఈ జబ్బుకి అందరికీ ఒకే పత్తెం అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. నాకు రాళ్లు లేవు, తాగుడు లేదు. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, వెయ్యి దాటిపోయాయి. రక్తం తీసి గొట్టంలో నిలబెడితే పైన తెల్లటి కొవ్వు పొర తేలింది. నాకు నూనెతో పాటు స్వీట్లు, చక్కెర కాఫీ, పళ్లేనికి ఎత్తుగా పెట్టుకునే అన్నం అన్నీ తగ్గించమన్నారు. మీ నాయనది రాళ్ల వల్ల వచ్చింది. ఆయనకి అసలు మందు ఆపరేషనే. అప్పటిదాకా ఎట్టా నెట్టుకురావాలన్నదే మీ ప్రశ్న. ఇంకొకరికి తాగుడు వల్ల వస్తుంది, వాళ్ల కథ వేరు. కాబట్టి సలహా ఇచ్చేవాళ్లంతా ముందు మీవాళ్లకి ఎందుకొచ్చిందో రాసి తర్వాత చెప్పండి.

ఒంగోలు_డ్యూటీ_డాక్టర్
పంతులు గారి మాటే నాదీ. అబ్బాయి గారూ, మీ నాయన రైతు కాబట్టి ఆయనకి ఇట్లా చెప్పండి: పిత్తాశయం నుంచి వచ్చే కాలువ, క్లోమం నుంచి వచ్చే కాలువ రెండూ కలిసి ఒకే తూము గుండా పేగులోకి దిగుతాయి. ఆ తూముకి రాయి అడ్డం పడితే నీళ్లు వెనక్కి తన్నుతాయి. క్లోమంలో తయారయ్యే జీర్ణరసం పేగులో చెయ్యాల్సిన పని క్లోమంలోనే మొదలుపెడుతుంది. అదీ జరిగింది.

పత్తెంతో రాయి కరగదు. కొవ్వు తగ్గిస్తే పిత్తాశయం గట్టిగా ముడుచుకోవడం తగ్గుతుంది, అంతవరకే. నొప్పి పోయింది కదా, ఆపరేషన్ ఎందుకులే అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు రెండోసారి మొదటిసారి కంటే ఘోరంగా వస్తారు. జబ్బు తేలికగా వచ్చిపోతే అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీసేస్తారు. మీ నాయనలాగా చుట్టూ నీరు చేరినవాళ్లకి సాధారణంగా 6 వారాల దాకా ఆగుతారు. ఆ తేదీ మాత్రం జారనివ్వకండి. కోతలు, శుభకార్యాలు అని వాయిదా వేయొద్దు.

ఈలోపు జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, మళ్లీ అదే నొప్పి, నాలుగు ముద్దలకే పొట్ట బిగిసిపోవడం – వీటిలో ఏది కనిపించినా పొద్దున దాకా చూద్దాం అనుకోకుండా బయల్దేరండి.

సింహపురి_డైటీషియన్
నేను నెల్లూరులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ నాకు కనిపించే పెద్ద సమస్య నూనె కాదు, ఆకలి. మీ నాయన 7 కిలోలు తగ్గారంటే అందులో కండ చాలా ఉంటుంది. ఆ వయసులో పోయిన కండ తిరిగి రావడం కష్టం. పైగా ముందు ఆపరేషన్ ఉంది. దానికి ఒంట్లో సత్తువ ఉండాలి.

ఇప్పుడున్న బరువుకి కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ లెక్కన రోజుకి 65 నుంచి 80 గ్రాములు పడాలి. గ్లాసు రవ్వ గంజిలో 2, 3 గ్రాములు కూడా ఉండవు. అమ్మగారు పెట్టే తిండి మొత్తం కలిపినా సగానికి రాదు. కిడ్నీల పరీక్ష, అదే క్రియాటినిన్, బాగుందో లేదో ఒకసారి రిపోర్టులో చూడండి. బాగుంటే ప్రోటీన్ గురించి భయం లేదు. పడమటి ప్రకాశం వైపు కిడ్నీ ఇబ్బందులున్నవాళ్లు ఎక్కువ, వాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచొద్దు.

కొవ్వు రోజుకి మొదట్లో 30 గ్రాములు, ఇబ్బంది లేకపోతే మెల్లగా 40, 50 దాకా. సున్నా మాత్రం వద్దు. 30 గ్రాములంటే ఎంతో చూడండి. టీ స్పూన్ నూనె 5 మిల్లీలీటర్లు, అందులో 4.5 గ్రాముల కొవ్వు. రోజుకి రెండు స్పూన్లంటే 9 గ్రాములు. ప్యాకెట్ టోన్డ్ పాలు 3 శాతం కొవ్వు, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లయితే ఇంకో 9. ఒక గుడ్డు పచ్చసొనతో సహా 5. బియ్యం, పప్పుల్లో సహజంగా ఉండేది 3, 4. ఇంకా చేపకి చోటు మిగిలే ఉంది. అదే ఇంటి గేదె పాలైతే గ్లాసుకే 13 గ్రాములు పోతుంది. పల్లెల్లో అసలు కిటుకు ఇక్కడుంది. నూనె మానేశాం అంటారు, గేదె పాలు మీగడతో తాగిస్తారు.

రోజుకి మూడుసార్లు కడుపునిండా కాకుండా ఆరుసార్లు కొంచెం కొంచెం. రాత్రి భోజనం పెందలాడే.

అల్లూరు_అబ్బాయి
అమ్మో, గేదె పాలు! మా ఇంట్లో రెండు గేదెలు. బ్రెడ్డు నానబెట్టేది ఆ పాలలోనే. అమ్మకి చెప్పాను, "పాలలో నూనె ఏంది రా" అని నవ్వింది.

కందుకూరు_రత్తక్క
అబ్బాయా, గేదెల్ని అమ్మాల్సిన పని లేదు. పాలు కాచి చల్లార్చి, మీగడ తీసి, మళ్లీ కాచి మళ్లీ తీయమను. తోడేసి, చిలికి, వెన్న పూర్తిగా తీసేసిన మజ్జిగ మీ నాయనకి పెట్టు. వెన్న మిగతావాళ్లు తినండి. మా అమ్మకి వచ్చినప్పుడు నేను చేసింది ఇదే. ఆమెకీ రాళ్లే.

ఇంకోటి. నూనె స్పూన్లు లెక్కపెట్టడం వంట చేసేవాళ్లకి కుదరదు. మూకుట్లో వంచడం చేతికి అలవాటు. నేను చిన్న మందు సీసా కడిగి ఆరబెట్టి, వారానికి సరిపడా 70 మిల్లీలీటర్లు పోసి గూట్లో విడిగా పెట్టేదాన్ని. అమ్మ వంటకి ఆ సీసాలోదే. శుక్రవారానికి ఖాళీ అయితే శని, ఆదివారాలు ఆవిరి వంటలే. అదీ పద్ధతి. ఇంకెవరూ నాకు లెక్క చెప్పనక్కర్లేకపోయింది.

ఇడ్లీకి కొబ్బరి చట్నీ, వేరుశనగ చట్నీ రెండూ వద్దు, రెండిట్లోనూ నూనె కొల్లలు. పుట్నాల పప్పు, అల్లం, పచ్చిమిర్చి ఒకటి, చింతపండు రవ్వంత వేసి పలచగా రుబ్బితే సరి. పొడిలో నెయ్యి బదులు మజ్జిగ కలుపుకోమను, బాగుంటుంది. పెసరకట్టు, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, ముదరని బెండకాయ. ఆవకాయ జాడీ మాత్రం ఆయన కంటికి కనపడని చోట పెట్టండి. మా అమ్మ అర్ధరాత్రి లేచి వేలితో నాక్కునేది.

బాలాజీనగర్_అక్క
తమ్ముడూ, ఆ పెద్దక్కని నేనే. లింకు నువ్వే పంపావు కదా, చదువుతున్నా. నేను నెయ్యి అన్నది కుండ ఎత్తి పొయ్యమని కాదు. నాయన చిన్నప్పటి నుంచి పప్పన్నంలో నెయ్యి లేకుండా ముద్ద ఎత్తలేదు. ఆ వాసన తగలకపోతే ఆయనకి అన్నం సయించదు. తినకుండా పడుకునే దానికంటే చెంచా నెయ్యి వేస్తే ఏం పోయింది? డైటీషియన్ గారినే చెప్పమనండి.

సింహపురి_డైటీషియన్
అక్క గారూ, మీ మాటలో న్యాయం ఉంది. టీ స్పూన్ నెయ్యి, టీ స్పూన్ నూనె లెక్కలో దాదాపు ఒకటే. రోజుకి రెండు స్పూన్లలో ఒకటి మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యిగా వెయ్యండి, ఆ రోజు కూరకి ఒక్క స్పూన్ నూనెతో సరిపెట్టండి. నెయ్యి వేడిగా కరిగించి పోస్తే తక్కువే అన్నం అంతటికీ పడుతుంది. ఆకలి పుట్టించడం కూడా వైద్యంలో భాగమే. కానీ నెయ్యితో బలం వస్తుందని రెండో చెంచా, మూడో చెంచా వద్దు. బలం పప్పు, గుడ్డు, చేప, పెరుగు నుంచి వస్తుంది.

చూడటానికి వచ్చేవాళ్లు తెచ్చే బిస్కెట్లు, బన్నులు, రస్కులు కూడా ఒకసారి ప్యాకెట్ వెనక చదవండి. చాలా బిస్కెట్లలో 100 గ్రాములకి 15 నుంచి 20 గ్రాముల కొవ్వు ఉంటుంది. పేషెంటు తిండి అని మనమే పేరు పెట్టుకున్నాం.

నిమ్మతోట_గూడూరు
ఆపరేషన్ లేకుండా పోయే దారి ఉంటే ఎందుకు చెప్పరు? మా వైపు నిమ్మకాయలకి కొదవ లేదు. రాత్రి పడుకునే ముందు నిమ్మరసం, ఆలివ్ నూనె సమానంగా కలిపి గ్లాసు తాగితే పొద్దునకి రాళ్లు పడిపోతాయి. మా బాబాయికి పచ్చటి రాళ్లు పడ్డాయి, కళ్లారా చూశాం.

ఒంగోలు_డ్యూటీ_డాక్టర్
అన్నా, మీరు చూసింది నిజమే, కానీ అవి రాళ్లు కాదు. నూనె, నిమ్మరసం, పొట్టలో రసాలు కలిసి గట్టిపడిన సబ్బు ఉండలు. రాళ్లే లేనివాళ్లు తాగినా అవి పడతాయి. బాబాయికి మళ్లీ స్కానింగ్ తీయించండి, రాళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. దానికంటే ముఖ్యం, ఒకేసారి అంత నూనె లోపలికి పోతే పిత్తాశయం బిగించి ముడుచుకుంటుంది. రాయి జారి నాళంలో ఇరుక్కుంటే ఈ అబ్బాయి నాయన మళ్లీ ఐసీయూకే. దయచేసి ఇది ఎవరూ చెయ్యొద్దు.

నిమ్మతోట_గూడూరు
సరే డాక్టర్ గారూ. మరి ఉత్త నిమ్మకాయ నీళ్లు?

ఒంగోలు_డ్యూటీ_డాక్టర్
నిక్షేపంగా. ఎండాకాలంలో నీళ్లు తక్కువ కాకూడదు కూడా.

పొదిలి_పంతులు
నిర్వాహకులకి మనవి: ఆ నూనె చిట్కా పోస్టు తీసేయకండి, కింద డాక్టర్ గారి జవాబుతో సహా ఉండనివ్వండి. వాట్సాప్‌లో ఇదే చూసి వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారు.

టంగుటూరు_బ్యారన్
మా నాయనది రాళ్ల కేసు కాదు. పొగాకు రైతు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రుళ్లు కాపలా, చుట్ట, దాంతో పాటు మందు. ఏళ్లు గడిచి దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ అయింది. ఆయన గురించి రాసేది ఎందుకంటే, మీరూ ఒక విషయం కనిపెట్టుకుని ఉండాలి.

మేం నూనె తగ్గించాం. బరువు తగ్గింది. ఇంకా తగ్గించాం, ఇంకా తగ్గింది. విరేచనం జిగటగా, లేత రంగులో, పైన నూనె తేలుతూ ఉండేది. చెంబులు చెంబులు నీళ్లు పోసినా బండకి అంటుకుని పోయేది కాదు. వాసన చెప్పనలవి కాదు. నాయన సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అమ్మ దొడ్డి కడుగుతూ కనిపెట్టింది. తర్వాత గుంటూరులో చూపిస్తే క్లోమం నుంచి రావాల్సిన ఎంజైములు రావడం లేదు, తిన్నది ఒంటికి పట్టడం లేదన్నారు. విరేచనం పరీక్ష చేయించారు, ఎలాస్టేజ్ అంటారు. 200 కంటే తక్కువుంటే అనుమానం, మా నాయనకి 100 లోపే వచ్చింది. ఎంజైమ్ క్యాప్సూల్స్ మొదలుపెట్టి, నూనె కొంచెం పెంచమన్నారు! పెంచాం. బరువు నిలబడింది.

క్యాప్సూల్ వేసే తీరు కూడా ఉంది. తిన్నాక వేసుకుంటే దండగ. మొదటి ముద్దతో వెయ్యాలి. రెండు వేసుకునేవాళ్లు ఒకటి మొదట్లో, ఒకటి భోజనం మధ్యలో. లోపలి గుళికలు నమలకూడదు. వేడి అన్నంలో, పాలలో కలపకూడదు. మింగలేనివాళ్లకి విప్పి అరటిపండు గుజ్జు లాంటి మెత్తటిదాంట్లో కలిపి వెంటనే మింగించమన్నారు. బిస్కెట్టూ కాఫీకి కూడా చిన్న మోతాదు చెప్తారు, జనం అదే మర్చిపోతారు.

అల్లూరు_అబ్బాయి
టంగుటూరు అన్నా, ఇది ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. నాయన్ని అడిగితే "ఆ సంగతులు నీకెందుకు" అన్నాడు. అమ్మ చేత అడిగిస్తా. చుట్ట ఎట్టా మాన్పించారు?

టంగుటూరు_బ్యారన్
పూర్తిగా మానడానికి చాలా కాలం పట్టింది, దాచేదేం లేదు. మందు ఒక్కటి మానితే చాలు అనుకున్నాం. పొగ విడిగా కూడా క్లోమాన్ని పాడుచేస్తుందని తర్వాత తెలిసింది. మీ నాయనకి జబ్బు రాళ్ల వల్లే వచ్చినా చుట్ట మానాల్సిందే. మాకు పనిచేసింది రెండు. ఒకటి, నికోటిన్ చూయింగ్ గమ్, డాక్టర్ చెప్పిన మోతాదులో. రెండు, అరుగు మీద చుట్ట తాగే స్నేహితుల్ని పిలిచి మా అమ్మే చేతులు జోడించి అడిగింది, ఈ మనిషి ముందు వెలిగించొద్దు అని. ప్రభుత్వం వాళ్ల ఉచిత ఫోన్ కూడా ఉంది, 1800-112-356, పొగాకు మానేవాళ్ల కోసం. పొగాకు పండించే ఇంట్లో పొగ మాన్పించడం మీరు ఊహించుకోండి. పందిట్లో తోరణాలు, చూరులో కట్టలు.

కోటమిట్ట_భాయ్
సలాం అందరికీ. మా అమ్మీకి కూడా ఆ క్యాప్సూల్సే. ఒక మాట ఎవరూ చెప్పరు, నేను చెప్తా. అవి పంది క్లోమం నుంచి తీసినవి. మాకు మందుల షాపులో కాగితం చదివాకే తెలిసింది. అమ్మీ ఆ రోజు నుంచి ముట్టుకోలేదు. మా మసీదు మౌలానాని ఇంటికి పిలిచాం. వేరే మందు లేనప్పుడు, ప్రాణానికి అవసరమైనప్పుడు వేసుకోవచ్చని ఆయన అమ్మీకి నచ్చజెప్పాడు. శాకాహారులకీ ఇదే ఇబ్బంది ఉంటుంది. ముందే చెప్పి, ఎవరి పెద్దల్ని వాళ్లు అడిగి నిర్ణయించుకోవడం మంచిది. చాటుగా వేస్తే, తర్వాత తెలిసినప్పుడు మొత్తం మందులే మానేస్తారు.

రంజాన్‌లో ఉపవాసం ఉంటానని పట్టుబట్టింది. డాక్టర్ వద్దన్నారు. పగలంతా ఖాళీ కడుపు, రాత్రి ఒక్కసారే నూనె వంటలు, రెండూ మంచివి కావు. రోగులకి మినహాయింపు ఉందని, బదులు పేదలకి అన్నం పెట్టొచ్చని మౌలానా చెప్పాకే వింది. హలీం మాత్రం చెంచాడు రుచి చూసింది, అల్లా క్షమిస్తాడు.

కావలి_కోడలు
అందరూ ఏం పెట్టాలో చెప్తున్నారు, ఎవరు వండాలో ఎవరూ అడగడం లేదు. నేను మా మామగారికి చేస్తున్నా. ఆయనకి విడిగా, పిల్లలకి విడిగా, మాకు విడిగా అంటే పొయ్యి దగ్గర నుంచి కదల్లేం. అబ్బాయి గారూ, మీ అమ్మగారి వయసెంత? ఆరుసార్లు పెట్టమంటే ఆ ఆరుసార్లూ లేచేది ఆమే. మా ఇంట్లో పప్పు, కూర, చారు అందరికీ మామగారి కొలతలోనే చేసి, మాకు కావాలంటే విడిగా పోపు వేసుకుంటున్నాం. మధ్యలో తినే మూడుసార్లకీ వంట అక్కర్లేదు. మజ్జిగ, అరటిపండు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, మరమరాలు, ముందురోజు ఇడ్లీ.

ఇంకో సంగతి. మామగారికి ఈ జబ్బు తర్వాత షుగర్ మొదలైంది. ఇన్సులిన్ వేస్తున్నాం. ఒక రాత్రి సూది వేశాక "ఆకలి లేదు" అని రెండు ముద్దలు తిని పడుకున్నారు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమట, మాట తడబడింది. చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకున్నారు. ఇప్పుడు తినే మోతాదు చూసి ఎంత వెయ్యాలో డాక్టర్ దగ్గర రాయించుకున్నాం. షుగర్ లేనివాళ్లు కూడా అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలట.

ఒంగోలు_డ్యూటీ_డాక్టర్
కావలి అమ్మ చెప్పింది చాలా ముఖ్యం. ఇన్సులిన్ తయారయ్యేది కూడా క్లోమంలోనే. దెబ్బ తిన్నాక షుగర్ వెంటనే రావచ్చు, నెలల తర్వాత రావచ్చు. 3 నెలలకి ఒకసారి, 6 నెలలకి ఒకసారి, తర్వాత ఏటా పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. ఈ రకం షుగర్‌లో చక్కెర పడిపోయే ప్రమాదం మామూలు వాళ్ల కంటే ఎక్కువ.

ఆయన వాడే పాత మందులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసి సర్జన్‌కి చూపించండి. కొన్ని మందులు కూడా ఈ జబ్బు తెప్పిస్తాయి. కనిపెట్టేది సంచి విప్పినప్పుడే.

అల్లూరు_అబ్బాయి
చాలా సంగతులు తెలిశాయి. అమ్మకి 66. ఆమెకీ మోకాళ్ల నొప్పులు. కావలి అక్క చెప్పినట్టు అందరికీ ఒకే వంట మొదలుపెట్టాం. పక్కింటి పిన్ని పగలు ఒకసారి వచ్చి మజ్జిగ ఇచ్చి పోతానంది. విరేచనం మామూలుగానే ఉందని అమ్మ చెప్పింది, నూనె తేలడం లేదట.

ఇప్పుడు అసలు సమస్య. నాయన చేపల పులుసు అడుగుతున్నాడు. నెల్లూరోళ్లం, నెల రోజులుగా ఇంట్లో చేప వాసన లేదు. పెట్టొచ్చా?

కందుకూరు_రత్తక్క
పెట్టొచ్చు అబ్బాయా. చేప తప్పు కాదు, మనం పోసే నూనె తప్పు. చెప్తా, అమ్మకి చదివి వినిపించు.

కొరమీను ముక్కలు నాలుగు తీసుకో. సొర పిల్ల దొరికినా మంచిదే. ఉల్లిపాయ, ధనియాలు, జీలకర్ర, నాలుగు మెంతులు మూకుట్లో నూనె చుక్క లేకుండా సన్నసెగన దోరగా వేయించి, వెల్లుల్లి రెండు రెబ్బలు వేసి ముద్ద నూరుకోవాలి. మట్టి చట్టిలో ఒక్క టీ స్పూన్ నూనె, కరివేపాకు, ఒక పచ్చిమిర్చి. ముద్ద వేసి, అడుగంటుతుంటే నూనె కాదు, నీళ్లు చిలకరించాలి. పచ్చివాసన పోయాక టమోటా, పలచటి చింతపండు రసం, పసుపు, ఎప్పుడూ వేసే కారంలో సగం. తెర్లాక ముక్కలు వదిలి, మామిడికాయ ముక్క వేసి, గరిట పెట్టకుండా చట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. దించాక చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టేయ్. మన పులుసు ఎట్టాగూ మర్నాటికే రుచి. పొద్దున చూస్తే పైన నూనె పలచగా పేరుకుని ఉంటుంది, చెంచాతో తీసి పారేసి, కావలసినంత వేడి చేసి పెట్టు. మొదటిరోజు ఒక్క ముక్క. పొట్ట సుఖంగా ఉంటే మర్నాడు రెండు.

సింహపురి_డైటీషియన్
రత్తక్క గారి పద్ధతి నా పేషెంట్లకి కూడా చెప్తాను. కారం, పులుపు వల్ల ఈ జబ్బు రాదు. కొత్తలో మంట, గ్యాస్ రాకుండా తగ్గిస్తాం, అంతే. వేపుళ్లు, ఇగురు, రొయ్యల వేపుడు, గుడ్లున్న చేప ఇప్పుడు వద్దు. రాగి సంగటి అలవాటున్నవాళ్లు మెత్తగా, చిన్న ముద్దతో మొదలుపెట్టొచ్చు.

బరువు వారానికి ఒకసారి చూడండి. ఒకే కాటా మీద, ఒకే వేళకి. ఊళ్లో ఎరువుల షాపు కాటా అయినా ఫర్వాలేదు. రోజూ ఇంటి ముందు మెల్లగా నడక, కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం కొన్నిసార్లు. ధాన్యం బస్తాలు మాత్రం ఎత్తనివ్వకండి.

అల్లూరు_అబ్బాయి
(కొన్ని వారాల తర్వాత)
ఆలస్యంగా రాస్తున్నా. పిత్తాశయం తీసేశారు, లాపరోస్కోపీలోనే అయిపోయింది. అంతకుముందు సీటీ స్కాన్‌లో క్లోమం చుట్టూ నీరు దాదాపు ఇంకిపోయిందన్నారు. ఆపరేషన్ నాటికి బరువు 57. ఖర్చు ప్రభుత్వ పథకంలోకి వస్తుందో రాదో అని మేం టెన్షన్ పడుతుంటే, ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్ర కాగితాలన్నీ చూసి పెట్టింది. అడ్మిట్ అయ్యేముందే ఆ టేబుల్ దగ్గరికి వెళ్లండి, బిల్లు వచ్చాక కాదు.

చుట్ట మానలేదు, తగ్గింది. రోజుకి ఒకటి అని ఆయన చెప్పేది, రెండని అమ్మ చెప్పేది. గమ్ మొదలుపెట్టాం.

ఇక ఆయన అడిగేది ఒక్కటే. నెల్లూరులో నెయ్యి కారం దోశ ఎప్పుడు తినొచ్చు? సర్జన్ నవ్వి ఊరుకున్నారు.

సింహపురి_డైటీషియన్
సంతోషం. రాళ్ల వల్ల వచ్చి, పిత్తాశయం తీసేసి, విరేచనం మామూలుగా ఉండి, షుగర్ లేనివాళ్లకి జీవితాంతం కఠిన పత్తెం అక్కర్లేదు. ఇప్పుడున్న 30 గ్రాముల నుంచి వారం వారం కొంచెం పెంచుతూ మామూలు ఇంటి వంటకి రండి. వేపుడు తిన్న రోజు విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి. పిత్తాశయం తీశాక కొన్నాళ్లు కొందరికి అట్లా అవుతుంది. నెయ్యి కారం దోశ ఇంకో నెల ఆగి, పొద్దునపూట, సగం. మిగతా సగం మీరు తినండి. ఆ రోజు మిగతా భోజనాలు నూనె లేకుండా.

బాలాజీనగర్_అక్క
ఆ సగం దోశ నేను తింటా. నాయన్ని మా ఇంటికే తీసుకురా.

కనిగిరి_కొత్తసభ్యుడు
మా అత్తగారికి కూడా పాంక్రియాటైటిస్. రాళ్లు లేవన్నారు, ట్రైగ్లిజరైడ్స్ 1400 అట. ఆమెకీ ఇదే చేపల పులుసు, ఇదే లెక్క పెట్టొచ్చా?

పొదిలి_పంతులు
బాబూ, ఆమెది నా రకం. చేప పెట్టొచ్చు, కానీ నూనె ఇంకా తక్కువ, బెల్లం, చక్కెర, పళ్లరసాలు బంద్, అన్నం కొలత ప్రకారం. షుగర్, థైరాయిడ్ చూపించారా? ట్రైగ్లిజరైడ్స్‌కి టాబ్లెట్ ఏం రాశారు? ఆమె రిపోర్టులు చూసుకుని, వయసు, బరువు, మందులు రాసి కొత్త చర్చ తెరువు. ఇక్కడ కలిపితే రెండు పత్తేలూ కలిసిపోతాయి.